అమ్మ చర్మానికి ఎన్నేళ్ళు

నాకు కుదురు తక్కువ. బళ్ళో కూర్చోబెడితే కాళ్ళు ఊపేదాన్ని, కాళ్ళు ఊపొద్దంటే గోళ్ళు కొరికేదాన్ని. ఇప్పటికీ బస్సు కోసం నిలబడితే నాలుగడుగులు అటూ ఇటూ వేయకుండా ఉండలేను. అలాంటిదాన్ని పోయి పోయి, ఓపిక తప్ప మరేమీ అక్కర్లేని పనిలో పడ్డాను. మనిషి చర్మంలోంచి తీసిన కణాలను సీసాల్లో పెంచడం నా పని. గులాబి రంగు ద్రవం పోసి, ఒంటివేడి అంత వెచ్చగా ఉండే పెట్టెలో పెట్టి, తలుపు మూసి, వాటి మానాన వాటిని వదిలేయాలి. మాటిమాటికీ తలుపు తీస్తే లోపలి వెచ్చదనం పోతుంది, కణాలకు మంచిది కాదు. నేను మాటిమాటికీ తీసేదాన్ని. "అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఇది వంటిల్లు కాదు" అని మా మేడమ్ గదమాయించేది.

మా ల్యాబు హిందూపురం బయట, ఫ్యాక్టరీల మధ్య ఒక అద్దె షెడ్డు. అందులో సగం ముఖానికి రాసుకునే క్రీములను పరీక్షించే భాగం. దాని మీద వచ్చే ఆదాయంతోనే రెండో సగం నడిచేది. ఆ రెండో సగంలో ఉండేది మేడమ్, నేను. మేడమ్ కోస్తా వైపు నుంచి వచ్చింది, పెద్ద చదువులు చదివింది, మా ఎండలను తిట్టుకుంటూనే ఇక్కడ ఉండిపోయింది. మనిషి చర్మకణం ఎంతకాలం పనిచేస్తుంది, ఆ మనిషి వయసుకూ దానికీ లెక్క కుదురుతుందా, ఎండలో రెక్కలు ముక్కలు చేసుకునే మా సీమ జనంలో ఆ లెక్క ఎలా ఉంటుంది అన్నది నా థీసిస్.

పని వినడానికి సులువే. జబ్బ లోపలి వైపు, ఎండ తగలని చోట, మత్తు సూది వేసి డాక్టరు పెసరగింజంత ముక్క తీస్తాడు. ఆ ముక్క అంచుల్లోంచి కణాలు మెల్లగా పాకుతూ బయటికి వస్తాయి. సీసా అడుగంతా నిండాక వాటిని ఊడదీసి రెండు సీసాల్లో పోస్తాం. అవి నిండితే మళ్ళీ అదే పని. ఇలా నెలల తరబడి సాగుతుంది. ఒకనాటికి అవి చీలడం మానేస్తాయి. అలాగని చావవు. పెనం మీద పోసిన దోసెపిండిలా వెడల్పుగా పరుచుకుని, మనం పోసింది తాగుతూ ఊరికే ఉండిపోతాయి. చిన్నవాళ్ళ కణాలు ఎక్కువసార్లు చీలతాయనీ, వయసు పెరిగేకొద్దీ తగ్గుతాయనీ పాత పుస్తకాలు చెప్తాయి. కొత్తవి మాత్రం అంత గట్టిగా చెప్పలేమంటాయి.

నేను కాగితం మీద గీత గీసుకున్నాను. అడుగున మనిషి వయసు, నిలువునా కణాలు చీలిన సార్లు. ఒక్కో మనిషికి ఒక్కో చుక్క. గీత వాలుతూ పోయింది, చుక్కలు దాని చుట్టూ పడ్డాయి. అంతే. కొత్త సంగతి ఒక్కటీ లేదు. అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్ళు. నాతో చదివినవాళ్ళు ఉద్యోగాల్లో స్థిరపడి, పిల్లల్ని బడికి పంపుతున్నారు. నేను ఇంకా థీసిస్ అంటూ కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను. ఈ ఏడాది లోపల చెప్పుకోదగ్గది ఏదో ఒకటి తేలకపోతే మా సగం షెడ్డు కూడా క్రీములకే ఇచ్చేస్తానని యజమాని మేడమ్‌తో చెప్పేశాడు.

ఈ పనిలో కష్టమైంది చర్మం దొరకడం కాదు, వయసు దొరకడం. మా వైపు పెద్దవాళ్ళ ఆధార్ కార్డులు చూస్తే ఎక్కువమంది జనవరి ఒకటో తారీఖున పుట్టినవాళ్ళే. చెయ్యి తల మీదుగా తిప్పితే అవతలి చెవికి అందిందా లేదా చూసి పంతులు వేసిన వయసు కొందరిది, పింఛను కోసం పెంచుకున్న వయసు కొందరిది. కార్డు నమ్ముకుంటే నా గీత అబద్ధాల గీత అయ్యేది. అందుకే నేనెవరినీ ఏ సంవత్సరంలో పుట్టావని అడిగేదాన్ని కాదు. బుక్కపట్నం చెరువు నిండి మరువ పారినప్పుడు నువ్వు నడుస్తున్నావా, చంకలో ఉన్నావా? మీ వీధిలో నీ యీడువాళ్ళు ఎవరు? నీ తమ్ముడు పుట్టినప్పుడు మీ అత్త పెళ్ళయిందా? ఇలా తవ్వి తవ్వి, నలుగురి మాటలూ కలిపి చూసి వయసు తేల్చేదాన్ని. మేడమ్‌కు ఈ పద్ధతి భలే నచ్చింది. నాకూ లోపల గర్వంగానే ఉండేది.

అరవై దాటినవాళ్ళు చాలినంతమంది దొరకక అమ్మను అడిగాను. ఆమె చీరలకు కుచ్చులు కడుతూ తలెత్తకుండానే "అన్నం తినే చెయ్యి కాకుంటే చాలు" అంది. ఆసుపత్రిలో ఎడమ జబ్బ చాపి, డాక్టరు ముక్క తీస్తుంటే గోడ మీది పిల్లల టీకాల బొమ్మ చూస్తూ కూర్చుంది. అమ్మ వయసు మాత్రం నేను తవ్వలేదు. కార్డులో అరవై ఒకటి, అదే రాశాను. కన్నతల్లి వయసు నలుగురిని అడిగి తెలుసుకునేదేముంది?

ఆ సీసాలు మొదట్లో అందరివాటి లాగే నిండాయి. తర్వాత ఆ వయసువాళ్ళ కణాలు అలసిపోయే చోటికి వచ్చి, ఆగకుండా దాటిపోయాయి. నేను నమ్మలేదు. మళ్ళీ విడదీసి పోశాను, మళ్ళీ నిండాయి. అమ్మ చుక్క గీతను వదిలి పైపైకి పోతోంది. ఇంటికి వస్తే అమ్మ చేతులకేసి చూస్తూ కూర్చునేదాన్ని. సంగటి ముద్ద చేసే చెయ్యి, పట్టుదారం మెలిపెట్టే వేళ్ళు. ఏముంది ఈమెలో? "ఏందే అట్ల చూస్తాండావు, నా చెయ్యి ఎప్పుడూ చూడనట్టు?" అని విసుక్కునేది.

నాన్న యాభై దాటకుండానే పోయాడు. అప్పట్నుంచి అమ్మ దగ్గినా నాకు ముద్ద దిగదు. సీసాలో కణాలు ఎక్కువసార్లు చీలినంత మాత్రాన మనిషి ఎక్కువ కాలం బతుకుతుందని ఏ శాస్త్రమూ చెప్పదు, ఆ సంగతి నలుగురికి విడమరిచి చెప్పేదాన్ని నేనే. అయినా ఆ నెలల్లో మాత్రం అమ్మ నూరేళ్ళు ఉంటుందని నమ్మాను. థీసిస్ గట్టెక్కుతుందన్న సంతోషం, అమ్మ ఉంటుందన్న సంతోషం రెండూ కలగలిసిపోయాయి. నిద్ర పట్టేది కాదు. తెల్లారకముందే స్కూటీ వేసుకుని ల్యాబుకు పోయేదాన్ని, వాచ్‌మన్ నన్ను చూసి గేటు తీస్తూ ఆవలించేవాడు.

మేడమ్ నాలా ఎగిరి గంతేయలేదు. "సంతోషం తర్వాత, ముందు అనుమానం" అంది. సీసాలో ఇంకెవరి కణాలైనా కలిశాయేమో అని పరీక్షకు పంపింది. కలవలేదు, అవి అమ్మవే. కంటికి కనపడని క్రిములేమైనా చేరాయేమో చూసింది. చేరలేదు. అప్పుడు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"అందరి వయసూ తవ్వి తీశావు కదా, మీ అమ్మగారిది ఎలా తీశావు?"

"కార్డులో చూశాను."

ఆమె నా గీత వైపు చూసి, నా వైపు చూసింది. నా చెవులు వేడెక్కాయి.

ఆ సాయంత్రమే అమ్మ దగ్గర చేరాను. ఒళ్ళో చీర అంచు పెట్టుకుని దారాలు ముడి వేస్తోంది. నేను ఎదుట కూర్చుని, మళ్ళీ లేచి, మళ్ళీ కూర్చుని అడిగాను.

"మా, నువ్వు పుట్టినప్పుడు చెరువు నిండిండెనా?"

"నేను పుట్టినప్పుడు చెరువు కాడికి పోయి చూసొస్తినా?"

"పోనీ, మామ అప్పటికి బడికి పోతాండెనా?"

"మీ మామనే అడుగుపో. కార్డులో రాసినారు కదే, మళ్ళా నా నోటితో యాల?"

పక్కనే చెంబు నిండా నీళ్ళుండగా నీళ్ళ కోసమని లేచి లోపలికి పోయింది. ఎంతసేపటికీ రాలేదు. నేను అడిగిన ముసలివాళ్ళెవరూ ఇలా మొహం చాటేయలేదు, అసలు పుట్టిన కథ చెప్పమంటే సంబరంగా మొదలుపెట్టేవాళ్ళు.

ఆదివారం దాకా ఆగలేకపోయాను. మరుసటి రోజు సెలవు పెట్టి పెనుకొండ బస్సెక్కాను. అమ్మకు ఒక్కడే అన్న, మా మామ. బస్టాండు దగ్గర మోటార్లకు రాగితీగ చుట్టే అంగడి ఆయనది. నన్ను చూసి మొహమంతా నవ్వు చేసుకున్నాడు. "ఏం పాపా, ఫోనన్నా చెయ్యకుండా వస్తివి?" అంటూ స్టూలు తుడిచాడు. నేను కూర్చోలేదు.

"అమ్మ వయసెంత మామా?"

"ఏ వయసు? కార్డుదా?"

అన్నాక ఆయన చెయ్యి తీగ మీద ఆగిపోయింది. నోరు జారానని ఆయనకూ తెలిసింది.

"కార్డుది నాకు తెలుసు. అసలుది చెప్పు."

"మనిసికి అసలు వయసు, నకిలీ వయసు అని ఉంటాదా ఏమమ్మా? అంతా ఒకటే. మా నాయన పోయినాడు, మా యమ్మ పోయింది. ఆ లెక్కలన్నీ వాల్లతోనే పోయినాయి. టీ తాగు."

టీ తెప్పించాడు, బిస్కెట్లు తెప్పించాడు, అమ్మకు బాదుషా పొట్లం కట్టించాడు. నా చదువు గురించి అడిగాడు, ఎండల గురించి చెప్పాడు. వయసు మాట ఎత్తితే చాలు, మోటారులోకి తల దూర్చేవాడు. చివరికి అంగడి వదిలి, బస్సు దాకా వచ్చి, నన్ను ఎక్కించి, బస్సు కదిలేదాకా అక్కడే నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో ఆయన అంగడి వదిలి నన్ను సాగనంపింది లేదు. నన్ను సాగనంపుతున్నాడా, తరిమేస్తున్నాడా అని ఒళ్ళు మండింది.

ఆయన నన్ను హిందూపురం బస్సే ఎక్కించాడు. నేను ఊరి చివర దిగిపోయాను. రోడ్డు దాటి, అవతలి వైపు ధర్మవరం పోయే బస్సు కోసం చెయ్యెత్తి నిలబడ్డాను.

ధర్మవరంలో మా చిన్నమ్మ ఉంది. అమ్మకు చిన్నాన్న కూతురు, ఒకే ఊళ్ళో ఒకే అరుగు మీద పెరిగినవాళ్ళు. పెళ్ళయి వచ్చాక మగ్గం పని నేర్చుకుంది, ఇప్పుడు ఆ వీధిలో ఆమె అంత నున్నగా నేసేవాళ్ళు తక్కువ. ఆమె చర్మం కూడా మా ల్యాబులో ఉంది. ఆమె వయసు నా పద్ధతిలో తవ్వి తీసిందే, యాభై మూడు. చెరువు మరువ పారిన యేడే పుట్టిందని ఇంటిల్లిపాదీ చెప్పారు, ఆ చుక్క సరిగ్గా గీత మీద పడింది.

పోయేసరికి మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని నేస్తోంది. ఆ చిన్న గదిలోనే నేను గోడకూ గోడకూ మధ్య తిరుగుతున్నాను.

"కూకో పాపా. నిన్ను చూస్తాంటే నాకే కండ్లు తిరుగుతాండాయి."

వయసు మాట ఎత్తితే ఈమె కూడా మూసుకుంటుందేమోనని భయం వేసింది. అందుకే ఇంకోలా మొదలుపెట్టాను.

"చిన్నమ్మా, మా యమ్మ చిన్నప్పుడు ఎట్లుండె?"

"మొండిది. పాలకాడ కూడా నాతో కొట్లాడిన మనిసి."

"పాలకాడా?"

"మీ యవ్వకు పాలు చాలకుంటే మా యమ్మ కదా ఇచ్చింది. ఇద్దర్నీ చెరొక పక్క ఏసుకునేదంట. కుడి పక్క పాలెక్కువని ఆ పక్క నాకు ఇచ్చేది కాదంట మీ యమ్మ. నేను దానికంటే నెల చిన్న, నోరు ల్యాక ఎడమ పక్క తాగినా."

చెప్తూ నవ్వుతోంది. నేను తిరగడం ఆపాను. అరవై ఒక్కేళ్ళ మనిషి, యాభై మూడేళ్ళ మనిషి ఒకే తల్లి దగ్గర చెరొక పక్కా పాలు తాగలేరు. నా మొహం చూసి చిన్నమ్మ నవ్వు తగ్గింది. మగ్గం చప్పుడు ఆగింది.

"నీకు చెప్పలేదా అది?" అంది.

"చెప్పలేదు. నువ్వు చెప్పు."

చెప్పకుండా నేను కదలనని ఆమెకు తెలుసు. గుంతలోంచి కాళ్ళు పైకి తీసుకుని, కొంగుతో మొహం తుడుచుకుని చెప్పింది.

అమ్మకు ఒక అక్క ఉండేదట. ఇంటికి పెద్దబిడ్డ, మామ కంటే కూడా పెద్దది, అయిదో తరగతి దాకా చదివింది. పంతొమ్మిదేళ్ళకు సంబంధం కుదిరింది, ముహూర్తం పెట్టారు, పత్రికలు అచ్చేయించి ఊళ్ళకు పంచేశారు. ఆ తర్వాత జ్వరం వచ్చింది. బుక్కపట్నంలో చూపించారు, ధర్మవరం తీసుకుపోదామని బండి కట్టేలోపలే పోయింది.

"మైల తీరినాక కూడా ముహూర్తానికి ఇంకా దినాలుండె. పెండ్లికొడుకోల్లు పందిరికి చెప్పుకున్యారు, సుట్టాలకు చెప్పుకున్యారు. పేరు మార్చి మళ్ళా పత్రికలు అచ్చేయించల్లంటే ఊరూరికీ పోయి జరిగింది చెప్పుకోవాల. మా పెదనాయన దానికి ఒప్పలేదు. ఆ ఇంట్లో ఇంకొక ఆడపిల్ల మీ యమ్మే. పత్రికలో పేరు మార్చలేక పిల్లను మార్చినారు."

"ఎన్నేండ్లు అప్పుడు అమ్మకు?"

"నాకెన్ని? పదకొండు. దానికీ అంతే. అక్క పేరుతోనే తాళి కట్టించుకునింది. అక్క చీరలే కుచ్చిళ్ళు దోపి కట్టినారు."

పెద్దమనిషి అయ్యేదాకా పుట్టింట్లోనే ఉంచి తర్వాత పంపారట. మెట్టినింటి ఊరికి ఆమె ఆ పేరుతోనే వచ్చింది. రేషన్ కార్డులో అదే పేరు. తర్వాత వయసు రుజువు కావాలంటే ఇంట్లో ఉన్న ఒకే ఒక బడి సర్టిఫికెట్ తెచ్చి ఇచ్చారు, అది అక్కది. అట్లా పేరుతో పాటు వయసూ వచ్చి చేరింది. ఊళ్ళో అందరికీ తెలుసు, ఒక్కరూ నోరు విప్పలేదు. పెళ్ళికి ముందు చిన్నమ్మ అమ్మను ఏ పేరుతో పిలిచేదో అడిగాను. "ఆ పేరు నేను చెప్పకూడదు, అదే చెప్పాల" అంది.

సాయంత్రం రైలులో కూర్చోలేక తలుపు దగ్గర నిలబడ్డాను. కోపం ఎవరి మీదో తెలియలేదు. చచ్చిపోయిన తాత మీద, టీ తాగించి పంపిన మామ మీద, పదకొండేళ్ళ పిల్లకు తాళి కట్టిన నాన్న మీద. నాన్న మీద కోపం వచ్చినందుకు ఏడుపొచ్చింది. నన్ను కన్నప్పుడు అమ్మకు పంతొమ్మిది, అంటే ఆమె అక్క ఆగిపోయిన వయసు.

ఇంకొక సంగతి కూడా లోపల తిరుగుతోంది, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా అదీ నిజమే. ఎనిమిదేళ్ళు తగ్గిస్తే అమ్మ చుక్క పక్కకు జరుగుతుంది. పూర్తిగా గీత మీద పడదు గానీ మామూలు చుక్కల గుంపులో కలిసిపోతుంది. అప్పుడిక వింత లేదు, నా థీసిస్ మళ్ళీ మొదటికి వస్తుంది. రాయకపోతే? అరవై ఒకటని కార్డు చెప్తోంది, కార్డును కాదనేవాళ్ళు ఎవరు? పెనుకొండ స్టేషన్ వచ్చి, వెళ్ళిపోయింది. హిందూపురం వచ్చేదాకా ఆ ఆశ నన్ను వదల్లేదు.

ఇంటికి చేరేసరికి అమ్మ వాకిట్లో లైటు కింద కుచ్చులు కడుతోంది. నన్ను చూడగానే అర్థమైపోయింది.

"ధర్మవరం పోయింటివా?"

"పోయింటి."

"చెప్పిందా?"

"చెప్పింది."

ఆమె చేతులు ఆగలేదు. ఒక కుచ్చు పూర్తి చేసి, ఇంకొకదానికి దారం తీసుకుంది. నేను చెప్పులు కూడా విప్పకుండా అరిచాను. ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదని, నీకు కోపం రాలేదా అని, అంత చిన్నపిల్లను ఎట్లా ఇచ్చారని, నువ్వెట్లా ఊరుకున్నావని. పక్కింటివాళ్ళకు వినిపించి ఉంటుంది.

"పదకొండేండ్ల పిల్లకు కొత్త చీర ఇస్తే కోపమెందుకొస్తాది?" అంది. "మా యక్క చీర కట్టినందుకు సంబరంగా ఉండె. రాత్రికి అది వచ్చి తిడతాదేమోనని బయం. అంతే."

"నాయనకు తెలుసా?"

"తాళి కట్టేటప్పుడు చూసినాడు కదా. శానా దినాలు ఆ పేరుతో నన్ను పిలవలేదు. 'ఏయ్' అనేవాడు. నువ్వు పుట్టినాక నీ పేరుకు అమ్మా అని చేర్చి పిలిచె."

నేను పక్కన కూలబడ్డాను. కాసేపటికి ఆమె అసలు పేరు అడిగాను. ఎవరో వింటారన్నట్టు అటూ ఇటూ చూసి చెప్పింది. రెండక్షరాల పేరు, చిన్నపిల్లను పిలిచేంత పేరు. ఇక్కడ రాయను.

అప్పుడు నా పని సంగతి చెప్పాను. ల్యాబులో నీ వయసు తప్పు రాశాను, యాభై మూడని సరిచేయాలి అన్నాను.

మొదటిసారి ఆమె చేతులు ఆగాయి.

"సరిచేస్తే ఏమైతాది?"

"ఏమీ కాదు. నిజం రాస్తాం, అంతే."

"నాకు యాభై మూడైతే మా యక్కకు పంతొమ్మిదే కదే."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె నా మొహంలోకి చూస్తూ నిదానంగా చెప్పింది. "దాని పేరుతో కాపురం చేసినా. దాని పేరుతో నిన్ను కన్యా. ప్రతి యేడూ దానికొక యేడు వచ్చె. ఈ పొద్దు దానికి అరవై ఒకటి. నువ్వు పోయి కొట్టేస్తే అది మళ్ళా జ్వరంతో చాప మీద పండుకునే ఉంటాది. వద్దు. అరవై ఒకటనే రాయి."

అరవై ఒకటనే రాస్తే నా థీసిస్ నిలబడుతుంది, షెడ్డు నిలబడుతుంది, ఈమె కోరిక కూడా తీరుతుంది. మూడూ ఒకే అంకెలో ఉన్నాయి. అయినా అది రాయలేను. అట్లా ఒక్క చుక్క అబద్ధమైతే, ఊరూరా తిరిగి చెరువులనూ పెళ్ళిళ్ళనూ అడిగి తెచ్చిన మిగతా చుక్కలు కూడా నావి కావు.

"తెలిసీ తప్పు రాయకూడదు మా," అన్నాను.

"అట్లయితే నా ముక్క తీసెయ్. వద్దంటే ఎప్పుడైనా తీసేస్తామని, ఎందుకని అడగమని, ఆ పొద్దు చదివి చెప్తివి కదా. ఇప్పుడు వద్దంటాండా."

నిజమే, చదివి చెప్పింది నేనే, వేలిముద్ర వేయించుకుందీ నేనే. మళ్ళీ గొడవ పడ్డాను, బతిమాలాను, యాభై మూడని రాసినా ఎవరికీ పేరు కనపడదన్నాను. ఆమె దారం మెలిపెడుతూ కూర్చుంది. ఆ మొండితనం ముందు చిన్నమ్మే నిలవలేకపోయింది, నేనెంత?

మరుసటి రోజు మేడమ్‌తో, దాత తన చర్మం వెనక్కి తీసుకుంటోందని చెప్పాను.

"మీ అమ్మేగా. కారణం?"

"కారణం అడగకూడదు మేడమ్."

ఆమె తలాడించింది. ఇలాంటప్పుడు సీసాల్లో బ్లీచింగ్ ద్రవం పోసి పారేయాలి. ఇంకెవరికీ ఇవ్వలేదు, నేనే పోశాను. అప్పటికి ఆ కణాలు చీలడం ఆపేశాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే సీసా అడుగున వెడల్పుగా పరుచుకుని, బతికే ఉన్నాయి. ద్రవం పోయగానే అంచులు ముడుచుకున్నాయి. ఏడ్చాను, దాచుకోలేదు, మేడమ్ తలుపు దగ్గరే నిలబడి ఉంది.

ఆ ఏడాది చివర్లో మా సగం షెడ్డు క్రీములకే పోయింది. మేడమ్ వేరే ఊరు వెళ్ళిపోయింది, నెలకొకసారి ఫోన్ చేసి థీసిస్ ఎంతవరకు వచ్చిందని అడుగుతుంది. నేను అదే షెడ్డులో, అదే బల్ల దగ్గర, ముఖం తెల్లబడే క్రీములు కణాలను చంపుతాయో లేదో చూస్తున్నాను. చంపకపోతే పాసైనట్టు. వయసులతో పని లేదు. అమ్మ మీద కోపం చాలాకాలం పోలేదు, ఒక్కో రోజు ఇప్పటికీ వస్తుంది. అన్నం పెడుతుంటే చెయ్యి వైపు చూసి మొహం తిప్పుకుంటాను, ఆమెకూ తెలుసు.

మొన్న కుచ్చులు కడుతుంటే దారం రెండుగా కనపడుతోందంది. హిందూపురంలోనే కంటి ఆసుపత్రికి తీసుకుపోయాను. కౌంటర్ దగ్గర నర్సు తల ఎత్తకుండా పేరు అడిగింది, చెప్పాను. వయసు అడిగింది. పక్కనున్న అమ్మ నా చెయ్యి పట్టుకుంది, వేళ్ళు బిగిశాయి.

"అరవై రెండు," అన్నాను.

నర్సు రాసుకుని చీటీ ఇచ్చింది. బెంచీ మీద కూర్చున్నాక అమ్మ నా చెవి దగ్గరికి వంగింది.

"ఒకటి కలిపినావే," అంది.

"యేడు తిరిగింది కదమ్మా," అన్నాను.